రాజ్యం పోయింది, జట్టు గెలిచింది

1948 సెప్టెంబర్ 15. విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుని వచ్చిన భారత సైన్యం సూర్యాపేట చేరింది. ముందుగా విమానాలు విరుచుకుపడ్డాయి. ఆ దెబ్బకు నిజాం సైన్యం చాలావరకు చెదిరిపోయినా రజాకార్ల దళాలు కొన్ని ఇంకా ఎదురు తిరిగాయి. గూర్ఖా దళం వాటిని అణచి పట్టణాన్ని స్వాధీనం చేసుకుంది. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు మూసీ మీది వంతెనను పేల్చేశారు గానీ, దాని దగ్గర నిలబడి కాపు కాయలేదు. వంతెన తొందరగానే బాగుపడింది. దారి తెరుచుకుంది. రెండు రోజులు గడిచాక, 17న, నిజాం లొంగిపోయాడు.

రాజ్యం పోతే దానికి సంబంధించినవన్నీ ఒక్కొక్కటిగా పోతాయి. నిజాం సైన్యం రద్దయింది, జాగీర్లు పోయాయి. కానీ ఆ రాజ్యపు రాజధాని పేరు పెట్టుకున్న ఒక ఫుట్‌బాల్ జట్టు మాత్రం చెక్కుచెదరలేదు. పైగా, రాజ్యం పోయిన రెండేళ్లకే దేశంలోని పేరుమోసిన జట్లన్నిటినీ దాటిపోయింది. అదే హైదరాబాద్ సిటీ పోలీస్.

1950లో బొంబాయి రోవర్స్ కప్ దానిదే. ఆ ఏడాదే డ్యూరండ్ కప్ కూడా గెలిచింది. ఆ తర్వాత 1951, 52, 53, 54... వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాద్ దాటి పోలేదు. 1891లో మొదలైన ఆ పోటీ 2000-01తో ఆగిపోయింది. అన్నేళ్ల చరిత్రలో ఇంకే జట్టూ ఐదుసార్లు వరసగా ఆ కప్పు ఎత్తలేదు.

ఇంత గెలిచిన జట్టు పేరు సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఇవాళ పదిమందిని అడిగితే ఎందరికి తెలుస్తుంది? ఆ జట్టు లేకుండా పోయింది. ఫలానా రోజున మూసేశారని చెప్పుకోవడానికి కూడా లేదు. పేరు మారి, గురువు పోయి, ఆటగాళ్లు తలో దారి పట్టి, మెల్లమెల్లగా కనుమరుగైంది. అది ఎలా నిలబడిందో, ఎందుకు నిలబడలేకపోయిందో చెప్పుకోవడం అవసరం. ఎందుకంటే దాన్ని నిలబెట్టినవి మంత్రాలూ మహిమలూ కావు. బడి, ఉద్యోగం, గురువు. ఈ మూడే.

ఈ ప్రాంతం సంగతి ముందు చెప్పుకోవాలి. 1946లో రాజుకున్న తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో దళాలు తిరిగాయి. నిజాం పోలీసులు, ఆ తర్వాత భారత సైన్యం, మళ్లీ పోలీసులు ఊళ్లలో క్యాంపులు పెట్టారు. 1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించేదాకా ఈ పల్లెల్లో పోలీసు అంటే సోదాలు, లాఠీలు, కాల్పులు. సరిగ్గా అవే ఏళ్లలో, 1950లోనూ 51లోనూ, బొంబాయి మైదానంలో 'హైదరాబాద్ పోలీస్' అన్న మాటకు చప్పట్లు మోగాయి. ఒకే ప్రభుత్వపు ఖాకీ ఒకచోట భయం పుట్టించింది, ఇంకోచోట అభిమానం సంపాదించుకుంది. మైదానంలో ఆడిన కుర్రాళ్లకూ ఊళ్లమీద పడ్డ పటాలాలకూ సంబంధం కలపడం న్యాయం కాదు. అయినా ఈ రెండు చరిత్రలూ ఒకే కాలంలో నడిచాయన్నది మరచిపోకూడదు. ఆ జట్టు గొప్పతనం నల్లగొండ పల్లెలకు తమదిగా అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణమే కావచ్చు.

ఇక ఆట సంగతి. డ్యూరండ్ కప్పు 1888లో సిమ్లాలో పుట్టింది. బ్రిటిష్ పటాలాల కోసం పెట్టిన పోటీ అది. యుద్ధకాలంలో ఆగి, స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైంది. స్వతంత్ర భారతంలో అదే మొదటి డ్యూరండ్. ఫైనల్‌కు ఒకవైపు కలకత్తా మోహన్ బగాన్ చేరింది. 1911లో తెల్లవాళ్ల జట్టును ఓడించి దేశమంతటా పేరు తెచ్చుకున్న క్లబ్బు అది. రెండోవైపు హైదరాబాద్ నుంచి వచ్చిన పోలీసులు. మ్యాచ్ 2-2తో సమానమైంది. మళ్లీ ఆడించారు. పోలీసులు 1-0తో గెలిచారు. కలకత్తా జట్లకు ఎదురు లేదనుకునే రోజుల్లో దక్షిణాది నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు వాళ్ల చేతిలోంచి కప్పు అందుకుపోయింది.

అది గాలివాటపు గెలుపు కాదని తర్వాతి ఏళ్లు చెప్పాయి. డ్యూరండ్ మళ్లీ 1954లో, 1957లో, 1961లో వచ్చింది. రోవర్స్ 1957లో, 1960లో, 1963లో వచ్చింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకుంది. లెక్క తీస్తే నాలుగు డ్యూరండ్‌లు, తొమ్మిది రోవర్స్ కప్పులు. జట్టులో ఎక్కువమంది హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో ఆడుతూ పెరిగినవాళ్లే.

ఇదంతా నడిపించిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బళ్లలో పనిచేశారు. ఊళ్లో అందరికీ 'రహీం సాబ్'. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా అటు సిటీ పోలీస్ జట్టుకూ ఇటు భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు.

పంతులు కాబట్టే ఆయన దృష్టి ముందు పిల్లల మీద పడింది. ఆయన పెట్టించిన పోటీల్లో రెండు రకాలవి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకటి, వాటం లేని కాలితో ఆడే పోటీ. మామూలుగా కుర్రాడికి కుడికాలు వాటమైతే, బంతి ఎడమవైపు పడ్డా చుట్టూ తిరిగి కుడికాలి మీదికే తెచ్చుకుని తంతాడు. ఆ అర సెకనులో ఎదుటివాడు వచ్చి మీద పడతాడు. రహీం పోటీలో కుడికాలు వాటమైనవాడు ఎడమకాలితోనే తన్నాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, పక్కనున్నవాళ్లు నవ్వుతారు. ఆడగా ఆడగా ఆ కాలికీ పదును వస్తుంది. ఇక రెండోది, బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ముందుకు ఉరకడం నిషిద్ధమైన పోటీ. బంతి వచ్చిన వెంటనే ఇంకొకరికి అందించాలి. అంటే బంతి రాకముందే ఎవరెక్కడున్నారో చూసుకుని ఉండాలి. పదేళ్ల పిల్లవాడికి ఇది పాఠంలా వినిపించదు, ఆటలాగే ఉంటుంది. ఆ పిల్లలే పెద్దయి పోలీస్ జట్టులోకి వచ్చేసరికి రెండు కాళ్లతో, తలెత్తి చూస్తూ, చకచకా పొట్టి పాసులిచ్చే ఆట వాళ్లకు చిన్ననాటి అలవాటై పోయింది.

బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో లోకానికి చూపించిన 4-2-4 అమరికను రహీం ఇంచుమించు అదే కాలంలో మన ఆటగాళ్లకు నేర్పారు. ఈ కొత్త పద్ధతులకు ఆయనకు ప్రయోగశాల పోలీస్ జట్టే. అక్కడ కుదిరింది భారత జట్టుకు వెళ్లేది.

ఇక ఉద్యోగం సంగతి. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతికే దారి లేదు. పేరుకు అందరూ అమెచ్యూర్లే. పేదింటి కుర్రాడు ఎంత బాగా ఆడినా, ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఇంట్లో అన్నం సంగతి చూడాలి. పోలీసు శాఖ ఆ బరువు దించింది. ఆటగాడికి యూనిఫాం, నెల జీతం, ఆట వయసు దాటాక కూడా కొనసాగే కొలువు దొరికాయి. గల్లీ కుర్రాడు కప్పులు గెలిచే ఆటగాడు కావడానికి మధ్యలో ఉన్న వంతెన ఈ ఉద్యోగమే. మన దేశపు ఆటల చరిత్రలో రైల్వే, పోలీసు, సైన్యం, ప్రభుత్వరంగ సంస్థలు చేసిన మేలు ఇదే.

ఆ జట్టు సత్తా దేశపు జెర్సీ మీద కూడా కనిపించింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. శిక్షకుడు రహీం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో తల దించుకోవలసి వచ్చింది. చల్లటి ఆ నగరంలో మన ఆటగాళ్లు చాలామంది బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. హైదరాబాద్ పోలీస్ ఆటగాళ్లు నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ ఆ జట్టులో ఉన్నారు. ఆ దెబ్బతో దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. వట్టికాళ్లతో బంతి స్పర్శ మీద ఆధారపడి పెరిగిన ఒక తరం, అలవాటైన ఆటను మార్చుకుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నారు కూడా.

నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ సెమీస్ ఆడిన మొదటి ఆసియా జట్టు అదే. నాలుగో స్థానంతో తిరిగొచ్చిన ఆ జట్టులో హైదరాబాద్ జంటనగరాలతో అనుబంధం ఉన్నవాళ్లు ఎనిమిదిమంది: పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, అబ్దుస్ సలాం, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. జుల్ఫికరుద్దీన్ అప్పటికి ఇరవై ఏళ్లవాడు. ఒక్క నగరం అంతమందిని పంపడం మన ఫుట్‌బాల్‌లో అరుదు.

సరిగ్గా ఆ ఒలింపిక్స్ ముందే, 1956 నవంబర్ 1న, హైదరాబాద్ రాష్ట్రం మ్యాప్ మీద లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరు మీదే వచ్చింది. రాష్ట్రం పోయినా జట్టు పేరు ఇంకొన్నాళ్లు బతికిందన్నమాట. తర్వాత పోలీస్ జట్టు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1961 డ్యూరండ్ ఆ కొత్త పేరుతో గెలిచిందే. పేరు మారడం వల్ల జట్టు పోలేదు. కానీ 'హైదరాబాద్ సిటీ పోలీస్' అన్న పేరు మీద పదేళ్లుగా పెరిగిన అభిమానానికి అక్కడ ఒక ముడి తెగింది.

అసలు దెబ్బ 1963లో తగిలింది. అంతకు ముందటి ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో రహీం జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. మన ఫుట్‌బాల్‌కు ఆసియా క్రీడల్లో దక్కిన చివరి బంగారు పతకం అది. పోలీస్ జట్టు యూసుఫ్ ఖాన్ అందులో ఉన్నారు. అప్పటికే రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. 1963 జూన్ 11న ఆయన వెళ్లిపోయారు. ఆ ఏడాది రోవర్స్ కప్పు మళ్లీ పోలీసులే గెలిచారు. రహీం తీర్చిన ఆటగాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి గెలిచారు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరం కాళ్లలో సత్తా ఉన్నన్నాళ్లూ జట్టు నడిచింది. దాని వెనక ఇంకో తరాన్ని తయారుచేసే గురువు లేకపోయాడు.

ఉన్న ఒకరిద్దరు మేటి కుర్రాళ్లను కలకత్తా లాక్కుపోయింది. ఇది కొత్త సంగతి కాదు. 1949 ప్రాంతంలో ఈస్ట్ బెంగాల్ 'పంచపాండవులు'గా పేరుపడ్డ ఐదుగురు ఫార్వర్డ్‌లలో అప్పారావు కాకినాడ నుంచి వెళ్లినవారే. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ చేరారు. 1966 నాటికి హైదరాబాద్ ఆటగాళ్లు నయీముద్దీన్, హబీబ్ అదే దారి పట్టారు. నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. హబీబ్ 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. అక్కడ క్లబ్బులు డబ్బిచ్చేవి. ఒక్క మ్యాచ్‌కు వేలమంది వచ్చేవారు, పేపర్లు పేజీలకు పేజీలు రాసేవి. హైదరాబాద్‌లో పోలీసు జీతం, ఖాళీ గ్యాలరీ. కుర్రాళ్లను తప్పు పట్టడానికి లేదు.

మైదానం కూడా చేయి దాటింది. ఫతేమైదాన్‌లో 1955 నవంబర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు మ్యాచ్ జరిగింది. తర్వాత ఆ మైదానం లాల్ బహదూర్ స్టేడియం అయింది, క్రికెట్ అక్కడ స్థిరపడింది. రేడియో కామెంటరీ, ఆ తర్వాత టీవీ, ఇంటింటికీ క్రికెట్‌నే మోసుకెళ్లాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లు వెనక ఖాళీ జాగాలో ఆడే పిల్లలకు కూడా గవాస్కర్, కపిల్‌దేవ్ పేర్లు తెలిశాయి. నూర్ మొహమ్మద్ పేరు చెప్పేవారు లేరు.

ఇలా ఊరి జట్లు కనుమరుగవడం ఒక్క మన దగ్గరే జరిగింది కాదు. అమెరికాలో బేస్‌బాల్‌కు 'మైనర్ లీగ్' అని కింది మెట్టు పోటీలుంటాయి. పెద్ద నగరం కాకపోయినా చాలా ఊళ్లకు తమదంటూ ఒక జట్టు. 1949లో అవి ఉచ్ఛస్థితిలో ఉన్నాయి: 59 లీగ్‌లు, నాలుగు వందలకు పైగా జట్లు. పదిహేనేళ్లు తిరిగేసరికి వాటిలో అత్యధికం మూతపడ్డాయి. పెద్ద జట్ల ఆట టీవీలో ఇంటికే వచ్చాక సొంత ఊరి జట్టును చూడటానికి టికెట్ కొనేవారు తగ్గారు. మళ్లీ 2020 తర్వాత పెద్ద లీగ్ తనతో ముడిపడ్డ జట్లను 120కి కుదించింది. నలభైకి పైగా ఊళ్లకు ఆ బంధం తెగింది. అక్కడ ఒక తేడా మాత్రం ఉంది. పోయిన జట్టు గురించి ఆ ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకం, పాత ఫొటోలు, స్కోరు కార్డులు, టోపీ దొరుకుతాయి. ఊరి చరిత్ర సంఘాలు వాటిని దాస్తాయి. ఐదు రోవర్స్ కప్పులు వరసగా గెలిచిన జట్టు గురించి మన జిల్లా గ్రంథాలయంలో వెతికితే తెలుగులో దొరికేది ఎంత?

ఒక లోపం మొదటి నుంచీ ఉంది. ఆ జట్టు వేళ్లు రాజధాని గల్లీల్లోనే ఆగిపోయాయి. రహీం పద్ధతి బడి మైదానాల మీద నిలబడింది. ఆ బళ్లు నగరంలోవి. నల్లగొండకు గానీ, వరంగల్‌కు గానీ అదే పద్ధతిని విస్తరించే వ్యవస్థ రాలేదు. నగరంలో ఊట ఎండిపోతే నింపడానికి పక్కన ఇంకో చెరువు లేకపోయింది. ఈ జిల్లాల్లో పిల్లలకు ఆట మీద ప్రేమ లేక కాదు. కబడ్డీ అంటే ఇక్కడ ఊరంతా కదులుతుంది. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు జనం పోటెత్తారు. ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. చూడటానికి వచ్చే జనం ఉన్నారు. వాళ్లు కూర్చోవడానికి గట్టి మెట్లు, పిల్లలు ఆడటానికి నిలకడైన మైదానం, నేర్పడానికి జీతం తీసుకునే శిక్షకుడు, ఇవి లేవు.

పెద్ద డబ్బుతో వచ్చిన కొత్త జట్ల అనుభవమూ ఇదే చెబుతుంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. నగరం మళ్లీ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంది. 2025లో ఆ జట్టు యాజమాన్యం దాన్ని ఢిల్లీకి తరలించి పేరు మార్చింది. ఆరేళ్లలో ఒక జట్టు రావడం, గెలవడం, వెళ్లిపోవడం అయిపోయాయి. కొన్న జట్టును కొన్నవాళ్లు ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలోంచి వచ్చిన జట్టును అలా మూటగట్టి తీసుకుపోవడం ఎవరివల్లా కాలేదు. దాన్ని పోగొట్టుకున్నది మనమే, నిర్లక్ష్యంతో.

2024లో రహీం జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. భారత జట్టు కథే అందులో ప్రధానం. సిటీ పోలీస్ కథ తెలుగులో ఇంకా పూర్తిగా రాయలేదు. జుల్ఫికరుద్దీన్ 2019లో, హబీబ్, బలరాం 2023లో కన్నుమూశారు. ఆ మ్యాచ్‌లు కళ్లారా చూసినవాళ్లలో ఇంకా ఉన్నవారు ఎనభైల్లో ఉంటారు. పోలీసు శాఖ దగ్గర ఉన్న పాత కప్పులు, ఫొటోలు, ఆటగాళ్ల సర్వీసు రికార్డులు ఒకచోట చేర్చి ప్రజలకు చూపించే పని ఈ రెండు మూడేళ్లలోనే జరగాలి. దాంతోపాటు సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి, మూడు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల మైదానాల్లో గోల్‌పోస్టులు పాతించి, వారానికి ఒకరోజు వాటం లేని కాలితో ఆడే పోటీ పెట్టించడానికి పెద్ద ఖర్చేం కాదు. రహీం మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచే.